చార్టు చదివేశాడని వదిలేయకండి: ఉపాధ్యాయులకు బహిరంగ లేఖ

ప్రధానోపాధ్యాయులకు, తరగతి ఉపాధ్యాయులకు, వ్యాయామ ఉపాధ్యాయులకు నమస్కారం.

బళ్లో కంటి పరీక్ష రోజున గోడకు చార్టు తగిలిస్తారు. పిల్లలు వరసలో నిలబడి, ఒక్కొక్కరూ వచ్చి అక్షరాలు చదివి వెళతారు. కింది వరస దాకా చదివినవాళ్ల పేరు పక్కన 6/6 అని రాస్తారు. చదవలేనివాళ్లను డాక్టరు దగ్గరికి పంపుతారు. కొన్నాళ్లకు వాళ్లకు కళ్లజోడు వస్తుంది, రిజిస్టరు మూసేస్తారు. మేం రాస్తున్నది ఆ మూసేసిన రిజిస్టరు గురించే. 6/6 అని రాసిన పేర్లలో కళ్లద్దాలు తప్పనిసరిగా కావలసిన పిల్లలు ఉంటారు. కళ్లజోడు వచ్చిన పిల్లల్లో దానివల్ల ఏ మేలూ జరగనివాళ్లు ఉంటారు. ఈ ఇద్దరినీ అందరికంటే ముందు పట్టుకోగలిగేది రోజూ గంటల తరబడి వాళ్లను ఎదురుగా చూసే మీరే.

ముందు చార్టు సంగతి. 1862లో నెదర్లాండ్స్ కంటి వైద్యుడు హెర్మన్ స్నెల్లెన్ ఇచ్చిన పద్ధతి మీదే ఇప్పటికీ ఈ పరీక్ష నడుస్తోంది. 6/18 అంటే, మామూలు కన్ను 18 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని ఈ కన్ను 6 మీటర్ల దగ్గరికి వస్తేగాని చదవలేకపోయిందని అర్థం. కాబట్టి అక్షరం ఎత్తు, నిలబడే దూరం అనే రెండు కొలతలూ సరిగ్గా ఉంటేనే ఆ అంకెకు విలువ. మీ చార్టును ఒకసారి స్కేలుతో కొలవండి. 6 మీటర్ల చార్టులో అన్నిటికంటే పెద్దదైన 6/60 అక్షరం ఎత్తు సుమారు 87 మి.మీ., 6/6 అక్షరం 8.7 మి.మీ. ఉండాలి. జిరాక్స్ తీసిన చార్టుల్లో, ప్రింటరులో కాగితానికి సరిపడేలా కుదించిన చార్టుల్లో ఈ కొలత తప్పుతుంది. గది చిన్నదని పిల్లవాణ్ణి 4 మీటర్ల దగ్గర నిలబెడితే తేడా మరీ ఎక్కువ: అక్కణ్ణుంచి చివరి వరస చదివినవాడి చూపు నిజానికి 6/9. మీరు మాత్రం 6/6 అని రాసేస్తారు. గది చిన్నదైతే 3 మీటర్ల కోసమే తయారైన చార్టు వాడండి. దూరాన్ని అడుగులతో కాక టేపుతో, పిల్లవాడి కంటి నుంచి చార్టు దాకా కొలవండి.

వరసలో వెనక నిలబడ్డవాళ్లకు ముందువాడు చదివేది వినిపిస్తుంది. పదోవాడు వచ్చేసరికి చార్టు వాడికి కంఠతా వచ్చేసి ఉంటుంది. ఒక్కొక్కరినే లోపలికి పిలవండి, లేదా ఇంగ్లిష్ 'ఈ' అక్షరాన్ని నాలుగు దిక్కులకూ తిప్పి ముద్రించిన చార్టు పెట్టి కాళ్లు ఎటు ఉన్నాయో చేత్తో చూపించమనండి. అక్షరాలు రాని చిన్నపిల్లలకు కూడా అది పనికొస్తుంది. ఒక కన్ను మూసేటప్పుడు వేళ్లతో కాదు, అరచేతిని దోసిలిలా వంచి మూయాలి. వేళ్ల సందుల్లోంచి చూసేస్తారు. అరచేతితోనే అయినా కంటిమీద నొక్కితే ఆ కన్ను కాసేపు మసకగా చూస్తుంది, తర్వాత దాన్ని పరీక్షించినప్పుడు లేని దోషం కనిపిస్తుంది. ఏ ఒక్క కన్నైనా 6/9 చదవలేకపోయినా, రెండు కళ్ల మధ్య రెండు వరసల తేడా ఉన్నా డాక్టరు దగ్గరికి పంపాలి. ఇప్పటికే కళ్లజోడు ఉన్న పిల్లవాణ్ణి అది పెట్టుకునే చదవమనండి. తీసి చదివిస్తే ఆ అద్దాలు ఇప్పటికీ సరిపోతున్నాయో లేదో తెలియదు.

ఇంత జాగ్రత్తగా చేసినా ఈ పరీక్ష బాగా పట్టేది హ్రస్వదృష్టినే, అంటే దూరం మసకగా కనిపించే దోషాన్నే. కనుగుడ్డు ఉండవలసిన దానికంటే పొడవుగా పెరిగితే దూరపు వస్తువు ప్రతిబింబం రెటీనా (కంటి లోపల వెనకవైపు ఉండే తెర) కంటే ముందే ఏర్పడుతుంది. పొడవు 1 మి.మీ. పెరిగితే పవర్ సుమారు రెండున్నర, మూడు డయాప్టర్లు (పవర్‌ను కొలిచే ప్రమాణం) మారుతుంది. పుటాకార కటకం, అంటే మైనస్ అద్దం, కిరణాలను కాస్త విప్పార్చి పంపి ఆ ప్రతిబింబాన్ని వెనక్కి, రెటీనా మీదికి జరుపుతుంది. (భౌతికశాస్త్రం చెప్పేవాళ్లకు ఒక మాట: పుస్తకంలో బొమ్మ రెండువైపులా గుంటగా ఉంటుంది గాని, నిజం కళ్లజోడు అద్దం ముందువైపు ఉబ్బుగా, లోపలివైపు అంతకంటే ఎక్కువ గుంటగా ఉంటుంది. పిల్లల కళ్లజోడే చేతిలోకి తీసుకుని చూపించవచ్చు.)

హ్రస్వదృష్టికి ఒక సులువైన లెక్క ఉంది. 1ని పవర్‌తో భాగిస్తే పిల్లవాడికి అద్దాల్లేకుండా ఎంత దూరం వరకూ స్పష్టంగా కనిపిస్తుందో మీటర్లలో వస్తుంది. మైనస్ 1 ఉంటే 1 మీటరు. మైనస్ 2 ఉంటే అర మీటరు. మైనస్ 4 ఉంటే పాతిక సెంటీమీటర్లు. ఇప్పుడు మొదటి బెంచీ సంగతి ఆలోచించండి. బోర్డు కనిపించడం లేదన్న పిల్లవాణ్ణి మీరు ముందుకు కూర్చోబెడతారు, మంచి మనసుతోనే. కానీ మొదటి బెంచీ నుంచి బోర్డు ఎంత లేదన్నా 2 మీటర్లు ఉంటుంది. మైనస్ 2 ఉన్నవాడికి అర మీటరు దాటితే అంతా మసకే. అక్షరాలు పెద్దగా కనిపించడం వల్ల ఎలాగో నెట్టుకొస్తాడు, కళ్లు చికిలించి చూస్తాడు, మిగిలింది పక్కవాడి నోట్సులోంచి దించుకుంటాడు. ఫిర్యాదు ఆగిపోతుంది, దోషం అలాగే ఉంటుంది. ముందుకు కూర్చోబెట్టిన రోజే డాక్టరు దగ్గరికి పంపే చీటీ కూడా రాయండి.

ఇక చార్టుకు దొరకని పిల్లవాడి దగ్గరికి వద్దాం. ఈ లేఖలో మాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. దీర్ఘదృష్టిలో కనుగుడ్డు పొట్టిగా ఉంటుంది, ప్రతిబింబం రెటీనా వెనక పడాల్సి వస్తుంది. ప్లస్ అద్దం, అంటే కుంభాకార కటకం, దాన్ని ముందుకు తెస్తుంది. అయితే పిల్లల కంటిలోపలి కటకం మెత్తగా ఉంటుంది. కండరం బిగిస్తే అది ఉబ్బి, ఆ ప్లస్ పవర్‌ను తనే పుట్టించుకుంటుంది. పదేళ్ల పిల్లవాడు ఇలా 12 డయాప్టర్ల పైనే కూడగట్టగలడు. వాడికి ప్లస్ 3 దోషం ఉందనుకోండి. చార్టు చదవడానికి 3 డయాప్టర్లు బిగిస్తే చాలు, చివరి వరస గడగడా చదివేస్తాడు. పరీక్ష అర నిమిషంలో అయిపోతుంది. ఆ తర్వాత తరగతిలో పుస్తకం తెరుస్తాడు. 33 సెం.మీ. దూరంలోని పుస్తకానికి మామూలు కంటికే 3 డయాప్టర్లు కావాలి, వీడికి 6 కావాలి. అదీ క్షణం కాదు, పీరియడ్ మొత్తం. చేత్తో బరువు ఎత్తగలగడం వేరు, దాన్ని గంటసేపు పట్టుకుని నిలబడడం వేరు కదా. పది పదిహేను నిమిషాలకు అక్షరాలు అలుక్కుపోతాయి, వరసలు తప్పుతాయి, నుదురు నొప్పి పుడుతుంది. వాడు పుస్తకం మూసి కిటికీలోంచి బయటికి చూస్తాడు, ఎందుకంటే దూరం చూస్తే కంటికి సగం బరువు దిగుతుంది. మీ రిజిస్టరులో 6/6 ఉంది. అందుకే వాడికి చదువు మీద ధ్యాస లేదంటారు, బద్ధకం అంటారు. తిట్లు పడతాయి గాని అద్దాలు రావు.

దీన్ని పట్టడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. ప్లస్ 2.00 రెడీమేడ్ కళ్లజోడు ఒకటి కొని చార్టు పక్కన ఉంచుకోండి. 6/6 చదివిన పిల్లవాడికి దాన్ని పెట్టి, ఒక్కో కన్నుతో మళ్లీ చదవమనండి. దోషం లేని కంటికి ఆ అద్దం దూరాన్ని బాగా మసక చేస్తుంది, పెద్ద అక్షరాల దగ్గరే ఆగిపోతాడు. ఆ అద్దంతో కూడా 6/9 వరస చదివాడంటే దాచిన దీర్ఘదృష్టి ఉన్నట్టు అనుమానించి పంపాలి. చదవలేకపోతే దోషం అసలే లేదని కాదు, పెద్దది ఉండే అవకాశం తగ్గిందని మాత్రమే. చదువుకున్న తర్వాత తలనొప్పి, పుస్తకం చదివేటప్పుడు ఒక కన్ను మూసుకోవడం, వేలు పెట్టినా వరస తప్పడం లాంటివి కనిపిస్తే ఈ పరీక్ష దాటినా పంపండి.

ఇలాంటి పిల్లల్లో కొందరికి దగ్గరి వస్తువు చూసేటప్పుడు ఒక కన్ను ముక్కువైపు తిరుగుతుంది. దగ్గరికి చూడటానికి కండరం బిగిసినప్పుడల్లా రెండు కళ్లూ లోపలికి తిరగాలన్న ఏర్పాటు శరీరంలో ఉంది. వీళ్లు అవసరానికి మించి బిగిస్తారు కనుక కళ్లు అవసరానికి మించి తిరుగుతాయి. సరైన ప్లస్ అద్దాలు పెడితే చాలామందిలో కన్ను నిలబడుతుంది, తీస్తే మళ్లీ తిరుగుతుంది. అది చూసి "అద్దాలు పెట్టాకే మెల్ల వచ్చింది" అంటారు. ఆ మాట మీ నోటి నుంచి మాత్రం రాకుండా చూసుకోండి.

ప్లస్ అద్దాలు కొత్తగా పెట్టిన పిల్లవాడు మొదటి వారం తప్పకుండా ఒక మాట అంటాడు: "ఇవి లేకపోతేనే బోర్డు బాగా కనిపిస్తోంది టీచర్." వాడు అబద్ధం చెప్పడం లేదు. ఏళ్ల తరబడి బిగించడం అలవాటైన కండరం వెంటనే వదలదు. అది బిగిస్తూనే ఉంటుంది, పైన అద్దం పవర్ కలుస్తుంది, దూరం మసకబారుతుంది. రెండు నుంచి నాలుగు వారాలు రోజంతా పెట్టుకుంటే చాలామందిలో కండరం సడలుతుంది. మీరు జాలిపడి "సరే, తీసెయ్" అంటే ఆ రోజుతో ఆ జోడు సంచిలోకి వెళ్లిపోతుంది. నెల దాటినా మసకగానే ఉంటే చీటీ రాసిన చోటికే మళ్లీ పంపండి.

పైగా ఈ బిగింపు వల్లే పిల్లల పవర్‌ను కంప్యూటర్ మీద ఒక్కసారి చూసి తేల్చకూడదు. ఆ కండరాన్ని సడలించే చుక్కలు వేసి చూడాలి, ఎక్కువగా సైక్లోపెంటోలేట్, మరీ చిన్నపిల్లలకు అట్రోపిన్. చుక్కలు వేసిన రోజు కంటిపాప విప్పారి ఉంటుంది, వెలుతురు గుచ్చుతుంది, పుస్తకం కనిపించదు. సైక్లోపెంటోలేట్ అయితే ఒక రోజులో తగ్గుతుంది, అట్రోపిన్ అయితే వారం పైనే పట్టవచ్చు. అన్నాళ్లూ వాడికి రాతపని, పరీక్ష పెట్టకండి.

ఒక కన్ను బాగుండి రెండోదానికి పెద్ద పవర్ ఉన్న పిల్లలు అసలు ఫిర్యాదే చేయరు. రెండు కళ్లూ తెరిచి చూస్తే అంతా బాగానే ఉంటుంది. మసక ప్రతిబింబం ఇచ్చే కంటిని మెదడు పట్టించుకోవడం మానేస్తుంది. కన్ను ఆరోగ్యంగానే ఉన్నా చూపు నేర్చుకోదు. దీన్నే లేజీ ఐ అంటారు. ముందు అద్దాలు, కొన్ని వారాలకు చూపు ఎంత పెరిగిందో చూసి, ఆపైన మంచి కంటికి రోజుకు కొన్ని గంటలు ప్యాచ్, అంటే కన్ను మూసే పట్టీ. ఏడెనిమిదేళ్లలోపు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. తర్వాత మొదలుపెట్టినా కొంత వస్తుంది గాని కష్టం ఎక్కువ. కాబట్టి ఒక్కో కన్నూ విడిగా మూసి చూసే పరీక్ష ఒకటో తరగతిలోనే జరగాలి. ప్యాచ్ వేసుకున్న పిల్లవాడు బలహీనమైన కంటితో చదువుతుంటాడు, మందగిస్తాడు. పెద్ద అక్షరాలు రాసివ్వండి, అదనపు సమయం ఇవ్వండి, పక్కవాళ్లు వెక్కిరిస్తే అక్కడికక్కడే ఆపండి.

సిలిండర్ పవర్ గురించి. కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొర, క్రికెట్ బంతిలా అన్ని వైపులా ఒకే వంపుతో కాక, కోడిగుడ్డు పక్క భాగంలా ఒక దిశలో ఎక్కువ, ఇంకో దిశలో తక్కువ వంగి ఉంటే దూరమూ దగ్గరా రెండూ చెదిరి కనిపిస్తాయి. ఒక దిశలోని గీతలు ముదురుగా, అడ్డ దిశలోవి పలచగా ఉంటాయి. చీటీలో మైనస్ 2.25, మైనస్ 0.75, 180 అని మూడు అంకెలు ఉంటే రెండోది సిలిండర్, మూడోది అది కూర్చోవలసిన కోణం. ఆ కోణం తప్పితే అద్దం ఉన్నా లేనట్టే: 10 డిగ్రీలు తిరిగితే సిలిండర్‌లో మూడో వంతు వృథా అవుతుంది, 30 డిగ్రీలు తిరిగితే మొత్తం వృథా. పిల్లవాడు జోడు మీద కూర్చున్నాడు, ఒక కాడ వంగింది, ఫ్రేము ముఖం మీద ఏటవాలుగా కూర్చుంది. గుండ్రటి ఫ్రేములో అయితే మర వదులై అద్దమే తిరిగిపోతుంది.

దీన్ని మీరే చూడవచ్చు. జోడును చేతి దూరంలో పట్టుకుని ఒక అద్దంలోంచి కిటికీ నిలువు చువ్వను చూడండి. అద్దాన్ని మెల్లగా పక్కకు జరపండి. చువ్వ కూడా అద్దం వెంటే జరిగితే మైనస్, ఎదురు జరిగితే ప్లస్. ఇప్పుడు జరపకుండా గడియారం ముల్లులా తిప్పండి. అద్దంలో కనిపించే చువ్వ ముక్క పైదానితో, కిందిదానితో విడిపోయి కత్తెరలా ఒరిగితే సిలిండర్ ఉన్నట్టు. అలాంటి పిల్లవాడి జోడు వంకర పోయిన రోజు నుంచి వాడికి చూపు తగ్గినట్టే లెక్క.

అద్దం మధ్యభాగం కంటిపాప ఎదురుగా ఉండాలి. పిల్లల రెండు కంటిపాపల మధ్య దూరం, ఉదాహరణకు, 54 మి.మీ. ఉందనుకుందాం. ఫ్రేము కాడ లోపలివైపు చూస్తే 48, 16 లాంటి అంకెలు ఉంటాయి. ఒక అద్దం వెడల్పు, ముక్కు దగ్గరి సందు. రెండూ కలిపితే 64. అంటే ఒక్కో అద్దం మధ్యబిందువును 5 మి.మీ. ముక్కువైపు జరిపి కోయాలి. జరపకుండా కోస్తే మైనస్ 5 పవర్‌లో ఒక్కో కంటిముందు రెండున్నర డయాప్టర్ల ప్రిజం పుట్టుకొస్తుంది, దాన్ని సరిచేసుకోవడానికి కళ్లు రోజంతా ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి. అక్షరాలు కనిపిస్తాయి గాని తల పగిలిపోతుంది. "పవర్ సరిగ్గానే ఉందట, అయినా తలనొప్పి" అనే పిల్లవాణ్ణి జోడుతో సహా వెనక్కి పంపి, ఈ కొలత మళ్లీ చూడమని అడగండి. అడగడం తల్లిదండ్రుల హక్కు. పెరిగినప్పుడు పనికొస్తుందని పెద్ద ఫ్రేము కొనడం వల్లే ఈ తిప్పలు ఎక్కువ. ఆ ఫ్రేము ముక్కు మీద నుంచి జారిపోతుంది, పిల్లవాడు దాని పైనుంచి చూస్తాడు. మైనస్ 10 లాంటి పెద్ద పవర్‌లో జోడు జారి కంటికి 10 మి.మీ. దూరం జరిగితే అది మైనస్ 9 అంత పనే చేస్తుంది. ముక్కు ప్యాడ్లు సరిచేయడం, చెవి వెనక కాడ వంపు దిద్దడం అయిదు నిమిషాల పని.

పిల్లలకు గాజు అద్దాలు వద్దు, దెబ్బ తగిలితే కంట్లోకి పోతుంది. పాలికార్బనేట్ అంత తేలిగ్గా పగలదు, ఆటలాడే వయసుకు అదే మంచిది. గీతలు త్వరగా పడతాయి కనుక పైన గట్టి పూత ఉండాలి. చొక్కా అంచుతో తుడవకుండా, నీళ్లు, కొంచెం సబ్బుతో కడిగి మెత్తటి నూలుగుడ్డతో అద్దడం మీరే ఒకసారి చేసి చూపించండి. పొడిగా తుడిస్తే దుమ్ము రేణువే ఉప్పుకాగితంలా పనిచేస్తుంది.

అద్దాలు పెడితే సైట్ పెరిగిపోతుందన్న భయం తల్లిదండ్రుల సమావేశంలో తప్పకుండా వస్తుంది. పవర్ పెరిగేది కనుగుడ్డు పెరగడం వల్ల, అద్దం వల్ల కాదు. తక్కువ పవర్ ఇస్తే పెరుగుదల ఆగుతుందన్నదీ నిజం కాదు. పెరుగుదలను నెమ్మదింపజేయడానికి పలచటి అట్రోపిన్ చుక్కలు, దానికోసమే చేసిన ప్రత్యేక అద్దాలు ఉన్నాయి, అవి డాక్టరు నిర్ణయించాలి. మీ చేతిలో ఉన్నది ఇంకొకటి: ఆరుబయట గడిపే సమయం. రోజుకు సుమారు 2 గంటలు బయటి వెలుతురులో ఉండే పిల్లల్లో హ్రస్వదృష్టి మొదలవడం తగ్గుతుందని పరిశోధనలు చూపించాయి. చెట్టు నీడ కింద కూడా తరగతి గది కంటే ఎన్నో రెట్లు వెలుతురు ఉంటుంది. లెక్కల సిలబస్ పూర్తి కాలేదని ఆటల పీరియడ్ తీసేసుకోకండి.

మీలో నలభై దాటినవాళ్లు పుస్తకాన్ని దూరంగా పట్టుకుంటున్నారంటే అది చత్వారం. కంటిలోపలి కటకం గట్టిపడి ఉబ్బలేకపోవడం వల్ల వస్తుంది. ప్లస్ 1.00 నుంచి 2.50 వరకూ దగ్గరి అద్దం సరిపోతుంది. రెండు కళ్లకూ ఒకే పవర్, సిలిండర్ లేకుంటే రెడీమేడ్ జోడు మీకు నడుస్తుంది. పిల్లలకు రోజూ పెట్టుకోవడానికి అది ఎప్పుడూ ఇవ్వకండి.

అద్దాలు సరిచేయలేనివీ ఉంటాయి. దళసరి అట్టకు 1.2 మి.మీ. రంధ్రం పొడిచి, చార్టు చదవలేని పిల్లవాణ్ణి అందులోంచి చూడమనండి. చూపు మెరుగైతే చాలావరకు అద్దాలతో తీరే దోషమే. ఏమీ మారకపోతే ఆలస్యం చేయకుండా డాక్టరు చూడాలి. కంటిపాపలో తెల్లగా మెరుపు, హఠాత్తుగా ఒకటి రెండుగా కనిపించడం, నొప్పితో ఎర్రబడటం ఉంటే అదే రోజు పంపాలి.

రిజిస్టరులో మేం కోరే మార్పు ఇంతే. 6/6 గడి పక్కన ఇంకో నాలుగు గడులు గీయండి: ప్లస్ 2.00తో చదివింది ఎంత, అద్దాలు ఏ తేదీన వచ్చాయి, అవి పెట్టుకుని ఒక్కో కన్ను చదివింది ఎంత, ఈ నెల ముఖం మీద ఉన్నాయా లేదా. నాలుగో గడి నెలకొకసారి, ముందుగా చెప్పకుండా నింపండి. ఖాళీ వచ్చిన చోట పిల్లవాణ్ణి పక్కకు పిలిచి కారణం అడగండి. అది విరిగిపోవడమో, జారడమో, తలనొప్పో, "సోడాబుడ్డి" అన్న వెక్కిరింతో అయి ఉంటుంది. మొదటి మూడింటికీ జోడును తయారుచేసిన చోటికి పంపితే చాలు. నాలుగోది మీ తరగతి గదిలోనే తేలాలి. కళ్లజోడు ఉన్న ప్రతి పిల్లవాడికీ ఏడాదికి ఒకసారైనా, పదేళ్లలోపు వాళ్లకు డాక్టరు చెప్పినదాన్ని బట్టి ఆరు నెలలకే, మళ్లీ పరీక్ష జరగాలి. ఆ తేదీ కూడా అదే పేజీలో రాసి పెట్టుకోండి.

ఇట్లు,
కంటి పరీక్షలు చేసే, కళ్లజోళ్లు తయారుచేసే పనిలో ఉన్నవాళ్లం